ఇరవైకి ఇరవై వచ్చిన సిస్టర్‌కి మెమో ఇవ్వాలా?

గోదావరి డెల్టాలోని ఒక పట్టణం నుంచి ఒక నర్సింగ్ ఎడ్యుకేటర్ రాసిన ఉత్తరం ఇది. ఊరు, పేర్లు తీసేసి, కుదించి ఇస్తున్నాం.

ఆవిడకి 44 ఏళ్ళు. 120 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు సిస్టర్‌గా చేరి, మూడేళ్ళుగా ట్రైనింగ్ చూస్తున్నారు. 90 మంది నర్సులు, 50 మందికి పైగా ఆయాలు, వార్డు బాయ్‌లు. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకి గుర్తింపునిచ్చే సంస్థ) తనిఖీ దగ్గర పడుతోందని, క్లాసులకి డ్యూటీ నుంచి మనుషుల్ని వదల్లేమని, 'ట్రైనింగ్ మొత్తం ఆన్‌లైన్ చేసెయ్యండి మేడమ్' అన్నారట ఎండీ గారు. బడ్జెట్ లేదు, మనిషి సాయం లేదు. ఎనిమిది నెలల్లో ఆవిడ ఇంట్లో రాత్రిళ్ళు కూర్చుని 22 వీడియోలు చేశారు. ఒక్కోటి 35 నుంచి 50 నిమిషాలు. ఇంగ్లీషు స్లైడ్లు పెట్టి, వాటిని చదువుతూ రికార్డు చేసినవి. ఒక్కోదానికి గూగుల్ ఫామ్‌లో 20 ప్రశ్నలు. దాదాపు అందరికీ 19, 20 వచ్చాయి. ఎండీ గారు మీటింగ్‌లో మెచ్చుకున్నారు కూడా.

తర్వాత ఒక రోజు ఫిమేల్ వార్డులో '40' రకం ఇన్సులిన్ సిరంజీలు, అంటే ఎర్ర మూతవి, అయిపోయాయి. ఫార్మసీ నుంచి ఆరెంజ్ మూత సిరంజీలు వచ్చాయి. ఏడాది సర్వీసు కూడా లేని ఒక సిస్టర్ '40' రకం ఇన్సులిన్ వయల్ (మందు సీసా) నుంచి, ఆ సిరంజీలో 20 గీత దాకా తీసి ఇచ్చింది. మధ్యాహ్నానికి పేషెంట్ షుగర్ 400 దాటింది. వెంటనే గుర్తించారు, ప్రమాదం తప్పింది. ఆ అమ్మాయికి 'ఇన్సులిన్ భద్రత' పాఠంలో 20కి 20. అదే కాగితం చూపించి, 'ట్రైనింగ్ పూర్తయింది కాబట్టి ఇది నిర్లక్ష్యమే' అని రిపోర్టు రాసి సోమవారంలోగా సంతకం పెట్టమంటున్నారు. ఆవిడ తన వీడియో మళ్ళీ చూసుకున్నారు. 31వ నిమిషంలో ఒక్క వాక్యం ఉంది, 'సరైన సిరంజీ వాడవలెను' అని, అదీ ఇంగ్లీషులో. ఫామ్ తెరిచి చూస్తే, ఒక రాత్రి రెండు గంటల పది నిమిషాలకి నాలుగు నిమిషాల వ్యవధిలో ఆరుగురి జవాబులు వచ్చి ఉన్నాయి. జవాబుల పట్టిక వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందని అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయి అవతల ఒడ్డు నుంచి పంటు (గోదావరి దాటించే పడవ) మీద వచ్చి వెళుతుంది. పిలిచి మాట్లాడితే ఏడ్చిందట. 'నేను చేసిన పనంతా దండగేనా? ఆ పిల్ల మీద సంతకం పెట్టాలా? అన్నీ మళ్ళీ చెయ్యాలంటే ఇంట్లో ఒప్పుకోరు. ఈయన ఇప్పటికే, ఆసుపత్రి వాళ్ళు నీకు రెండు జీతాలు ఇస్తున్నారా అంటున్నారు' అని ఉత్తరం ముగించారు.

*

సిస్టర్ గారూ,

సోమవారం దగ్గర పడింది కాబట్టి ముందు ఆ కాగితం సంగతి చూద్దాం.

జరిగిన తప్పు లెక్క కట్టి చూడండి. 40 వయల్ అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. ఆరెంజ్ మూత సిరంజీ '100' రకం, అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసింది, అందులో 20 గీత అంటే 0.2 మిల్లీలీటరు. 0.2ని 40తో గుణిస్తే 8. అంటే 20 యూనిట్లు వెళ్ళాల్సిన మనిషికి 8 వెళ్ళాయి. ఇదే తిరగబడి, 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజీలో 20 గీత దాకా తీసి ఉంటే అర మిల్లీలీటరు, 50 యూనిట్లు వెళ్ళేవి. షుగర్ పడిపోయి మనిషి దక్కడమే కష్టమయ్యేది. సిరంజీ మీద అంకె 20 అనే ఉంది, కేసు షీట్ మీదా 20 అనే ఉంది. పొద్దున్న టిఫిన్ల వేళ తొందరలో చూసే కంటికి రెండూ సరిపోయాయి. ఇది చదువుకోక చేసిన తప్పు అనడానికి లేదు, చదువుకున్న వాళ్ళూ చేసే తప్పే. 40 వయల్ ఉన్న వార్డుకి 100 సిరంజీలు ఎలా వచ్చాయన్నది ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబు మీ వీడియోలో లేదు, ఫార్మసీ ఇండెంట్ (కావాల్సినవి రాసి పంపే) పుస్తకంలో ఉంది.

మీ ముందు మూడు దార్లున్నాయి. అడిగినట్టే సంతకం పెట్టడం ఒకటి. ఆ రోజుకి గొడవ ఉండదు, కానీ సిస్టర్లందరికీ ఒక కబురు వెళుతుంది, జరిగిన తప్పు మనమే బయటపెడితే ఆన్‌లైన్ మార్కులు తీసి మన మీదే పెడతారు అని. ఈసారి షుగర్ 400 దాటితే మీకు చెప్పకుండా గప్‌చుప్‌గా సర్దేస్తారు. రెండోది, సంతకం పెట్టనని ఖరాఖండిగా చెప్పడం. న్యాయమే గానీ, ఆ రిపోర్టు ఇంకొకరి చేత రాయిస్తారు, మీకు చెప్పుకునే చోటు పోతుంది. మూడోది, వాళ్ళు రాసిచ్చిన మాటలు పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు మీరే ఒక పేజీ రాసివ్వడం. ఏ గంటకి సిరంజీలు అయిపోయాయి, ఇండెంట్‌లో ఏమడిగారు, ఏం వచ్చింది, మార్పు సంగతి వార్డుకి ఎవరైనా చెప్పారా, రెండో సిస్టర్ చూసి సంతకం పెట్టే పద్ధతి ఆ షిఫ్టులో అమలైందా. చివర్లో మీ పాఠం సంగతి: సిరంజీ తేడా గురించి 31వ నిమిషంలో ఒక్క వాక్యమే ఉంది, ప్రశ్నల్లో అసలు లేదు, కాబట్టి ఈ విషయంలో ఆమెకి శిక్షణ ఇచ్చామని నేను ధ్రువీకరించలేను.

నేనైతే మూడోదానికే మొగ్గుతాను. దాని ఖర్చూ చెప్పాలి మరి. ఆ కాగితంలో వేలు మీ వైపు కూడా తిరుగుతుంది. మెచ్చుకున్న నోటితోనే 'అయితే ఎనిమిది నెలలు ఏం చేశారు' అనొచ్చు. అందుకని రిపోర్టుతో పాటు దిద్దుబాటు కూడా అదే పేజీలో ఇవ్వండి. 40 వయల్, 40 సిరంజీ ఒకే ట్రేలో కలిపి ఇవ్వడం, ఫార్మసీ నుంచి వార్డులకి 100 సిరంజీ వెళ్ళకుండా ఆపడం, ఇన్సులిన్‌కి ఇద్దరు చూడటం. ఈ మూడూ వారంలో అయ్యే పనులు, ఏ వీడియో అక్కర్లేదు. పేషెంటుకి, ఇంటి వాళ్ళకి జరిగింది డాక్టరు గారు చెప్పారో లేదో కూడా కనుక్కోండి. చెప్పకపోతే అది అన్నిటికంటే ముందు జరగాలి.

ఇక మీ 22 వీడియోల సంగతి. ఎండీ గారు 'ఆన్‌లైన్' అన్న ఒక్క మాటలో మూడు పనులు కలిపి మీ నెత్తిన పెట్టారు. తనిఖీకి రికార్డు కావాలి. డ్యూటీ గంటలు మిగలాలి. పని రావాలి. మీ వీడియోలు మొదటి పని చక్కగా చేశాయి. రెండోదాన్ని ఆసుపత్రి జేబులోంచి తీసి స్టాఫ్ జేబులో పెట్టాయి. పన్నెండు గంటల నైటు చేసి, సొంత డేటాతో, 45 నిమిషాల ఇంగ్లీషు స్లైడ్లు చూడమంటే ఎవరైనా జవాబుల పట్టికే వెతుక్కుంటారు. ఆ ఆరుగురి మీద కోపం పెట్టుకోకండి. మూడో పని, అసలు పని, మొదలే కాలేదు. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసరు శిక్షణని కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, వచ్చిందా, చేస్తున్నారా, ఫలితం మారిందా. మీ ఫామ్ రెండో మెట్టు మీద సగంలో ఆగింది. తనిఖీకి వచ్చేవాళ్ళు సర్టిఫికెట్ల ఫైలు చూసి ఊరుకోరని మీకూ తెలుసు. వార్డులోకి వచ్చి ఎదురుపడ్డ ఆయాని ఆపి, 'అమ్మా, ఈ సూది ఎక్కడ వేస్తావు' అని అడుగుతారు.

అయినా దండగ కాలేదు. ఆ 22 వీడియోల్లో విషయం ఉంది, దాన్ని ముడిసరుకు అనుకోండి. ఇప్పుడు ఏం చెయ్యొచ్చో చూద్దాం.

తనిఖీ అయ్యే దాకా వాటిని అలాగే ఉంచి, తర్వాత చూసుకోవచ్చు. తేలిక. కానీ ఇన్సులిన్ లాంటిది మళ్ళీ జరిగితే అవే మార్కులు మళ్ళీ బల్ల మీదకొస్తాయి. కనీసం ఫామ్ పేరు 'పాఠం చూసినట్టు నమోదు' అని మార్చండి, 'శిక్షణ పూర్తి' అన్న మాట తీసెయ్యండి. సగం తలనొప్పి ఆ ఒక్క మాట తెచ్చిందే.

బయటి కంపెనీ దగ్గర రెడీమేడ్ పాఠాలు కొనొచ్చు. చేతులు కడుక్కోవడం, అగ్నిప్రమాదం లాంటి ఎక్కడైనా ఒకేలా ఉండే విషయాలకి బాగానే ఉంటాయి. కొంటే రెండు షరతులు పెట్టండి. పాఠాలు స్కార్మ్ (ఆన్‌లైన్ పాఠాలకి అందరూ వాడే ఒక ఫైలు పద్ధతి) ప్యాకేజీగా ఇవ్వాలి, అప్పుడే వాళ్ళ వెబ్‌సైట్ కాకుండా వేరేచోట కూడా ఎక్కించుకోవచ్చు. ఒప్పందం అయిపోయినా ఫైళ్ళు మీ దగ్గరే ఉండాలి. లేదంటే చందా ఆగిన రోజు పాఠాలూ పోతాయి, ఎవరు చదివారన్న రికార్డూ పోతుంది. ఎంత కొన్నా మీ ఫార్మసీ ఏ సిరంజీ ఇస్తుందో, మీ క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) ఏ అరలో ఏముందో వాళ్ళ పాఠంలో ఉండదు.

మూడోది మీరే చెయ్యడం, కాకపోతే చాలా చిన్నగా. నెలకి రెండు పాఠాలు, ఒక్కోటి నాలుగైదు నిమిషాలు. ఒక్కో పాఠంలో ఒకే ఒక్క తప్పు. పాఠం పేరు కూడా తప్పు పేరే. 'ఇన్సులిన్ భద్రత' అనకండి, 'ఆరెంజ్ మూత, 40 వయల్' అనండి. ఏ తప్పులు అన్నది పుస్తకం చూసి తేల్చొద్దు. ఇన్సిడెంట్ రిజిస్టరు, నైటు సూపర్‌వైజరు రౌండ్ల పుస్తకం, ల్యాబ్ తిప్పి పంపిన శాంపిళ్ళ లిస్టు ముందేసుకోండి. పదిహేను తప్పులు దొరుకుతాయి. ఒక్కోదాని పక్కన ఒక ప్రశ్న రాయండి: ఇది తెలియక జరిగిందా, చెయ్యి తిరగక జరిగిందా, వస్తువు లేక జరిగిందా? తెలియనిదానికే వీడియో. చెయ్యి తిరగనిదానికి బొమ్మ మీద సాధన. వస్తువు లేనిదానికి స్టోర్సుకి ఇండెంట్. ఈ జల్లెడ పడితే పదిహేనులో ఆరేడు పాఠాలే మిగులుతాయి.

మొదటి పాఠం ఏదో మీకు తెలుసు. దాన్ని ఇలా తీయొచ్చు.

తెల్ల బట్ట పరిచిన ట్రే. 40 అని కనబడేలా వయల్, పక్కన ఆరెంజ్ మూత సిరంజీ. మాటలు మొదలవకముందే ప్రశ్న: 'డాక్టరు గారు 20 యూనిట్లు రాశారు. ఈ సిరంజీలో 20 గీత దాకా తీస్తే పేషెంటుకి ఎన్ని వెళతాయి?' జవాబులు 20, 8, 50. ముందు తప్పు చెప్పనివ్వండి. తప్పు చెప్పిన వాళ్ళే మిగతా మూడు నిమిషాలూ కళ్ళార్పకుండా చూస్తారు. తర్వాత ఖాళీ వయల్‌లో రంగు నీళ్ళు పోసి, ఆరెంజ్ సిరంజీలో 20 గీత దాకా తీయండి. ఆ నీళ్ళు చిన్న గిన్నెలోకి వదిలి, ఎర్ర మూత సిరంజీతో మొత్తం లాగండి. గీత 8 దగ్గర ఆగుతుంది. కెమెరా అక్కడ ఐదు సెకన్లు నిలవాలి, మాట వద్దు. తర్వాత వయల్ మీద 40 చూడు, సిరంజీ మీద 40 చూడు, రెండూ కలవకపోతే తీయకు, ఫార్మసీకి ఫోన్ చెయ్యి అని ఎక్స్‌టెన్షన్ నంబరు. చివర్లో అదే ప్రశ్న తిరగేసి, 100 వయల్, ఎర్ర మూత. అంతే. సిరంజీ పారేయడం చూపిస్తే గుర్తుంచుకోండి, ఇన్సులిన్ సిరంజీకి సూది విడిరాదు కాబట్టి మొత్తం తెల్ల డబ్బాలోకే, ఎర్ర బకెట్‌లోకి కాదు.

కెమెరా మీ ఫోనే చాలు. ఒక స్టాండు కొనిపించండి, చేత్తో పట్టుకుంటే గీతలు కనబడవు. సిరంజీ గీతల మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడుతుంది, కిటికీ పక్కన పగటి వెలుగులో తీస్తే ఆ బాధ ఉండదు. వెనక బోర్డు మీద పేషెంట్ల పేర్లు, బల్ల మీద కేసు షీట్లు, మంచం తల దగ్గర కార్డు కనబడకూడదు. అసలు పేషెంట్లు ఉన్న వార్డులో తీయకండి, ఖాళీ గది చూసుకోండి.

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా చూస్తారు గానీ మాట సరిగ్గా వినబడకపోతే కట్టేస్తారు, కాబట్టి గొంతు దగ్గర మాత్రం రాజీ పడకండి. ఫ్యాను, ఏసీ ఆపి, జనరేటరు మోగని వేళ చూసుకుని, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టి రికార్డు చెయ్యండి. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చుంటే గది ప్రతిధ్వని తగ్గుతుంది. మొత్తం ఒకేసారి చదవొద్దు. అరనిమిషం ముక్కలుగా, ఒక్కో ముక్క వేరే ఫైలుగా పెట్టుకోండి. రేపు ఫార్మసీ నంబరు మారితే ఆ ఒక్క ముక్కే మళ్ళీ చెప్పుకోవచ్చు. దిద్దడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితమే. స్క్రీన్ రికార్డు కావాలంటే ఓబీఎస్ స్టూడియో కూడా అంతే. ప్రతి పాఠం చివర తయారీ తేదీ, చూసి సరే అన్న డాక్టరు పేరు, మళ్ళీ చూడాల్సిన నెల వెయ్యండి. తేదీ లేని పాఠం రెండేళ్ళకి కాలం చెల్లిన మందులా మీ సర్వర్లోనే పడి ఉంటుంది.

ఏ భాషలో అన్నది మీరు అడగలేదు, కానీ చెప్పాలి. వార్డులో మీరు మాట్లాడే భాషలోనే చెప్పండి. 'డ్రిప్ స్పీడు తగ్గించు', 'కాన్యులా దగ్గర వాచింది', 'షుగర్ చూడు'. తెలుగులో పెట్టమన్నారని 'జీవవైద్య వ్యర్థ పదార్థముల నిర్వహణ' అని మొదలెడితే ఆయాలే కాదు, మీ ఎండీ గారూ కట్టేస్తారు. ఇంకో చిక్కు, మీ ప్రెస్సు వాళ్ళు పోస్టర్లకి కొట్టిచ్చిన తెలుగు అను ఫాంట్లలో ఉండి ఉంటుంది. దాన్ని తెచ్చి ఫామ్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. యూనికోడ్‌లోకి (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే పద్ధతి) మార్చుకుని, ఒత్తులు ఒక్కొక్కటీ కళ్ళతో చూసుకోవాలి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు వాడితే ఏ ఫోన్లోనైనా ఇబ్బంది ఉండదు. మందు పేరు, డోసు మాత్రం వార్డులో లేబులు మీద ఎలా ఉంటుందో అలాగే ఫొటోతో చూపించండి.

తెర మీద ఏం నేర్పొచ్చు, ఏం నేర్పకూడదు అన్నదానికి మన ప్రాంతపు ఉదాహరణే తీసుకోండి. సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు మొదలైతే మీ క్యాజువాలిటీకి పాము కాట్లు వస్తాయి. విషం వల్ల రక్తం గడ్డకట్టడం ఆగిందేమో చూసే 20 నిమిషాల రక్తం గడ్డ పరీక్ష చెయ్యాలి. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో వేసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడటం. వినడానికి ఇంతే, తప్పు జరిగే చోట్లు మాత్రం నాలుగు. గాజుది దొరక్క ప్లాస్టిక్ ట్యూబులో వేస్తారు. గాజు తగిలితేనే రక్తంలో గడ్డకట్టే పని సరిగ్గా మొదలవుతుంది, ప్లాస్టిక్‌లో మామూలు రక్తం కూడా నీళ్ళలా ఉండిపోయి, అవసరం లేని మనిషికి ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కుతుంది. సబ్బు పొడితో కడిగిన ట్యూబులోనూ అదే గతి. పదో నిమిషంలో ఆత్రం కొద్దీ ఊపి చూస్తారు. నాలుగోది అన్నిటికంటే ప్రమాదం, గడ్డకట్టింది కాబట్టి విషం లేదనుకుని పేషెంటుని పక్కన పడుకోబెట్టేస్తారు. రక్తపింజరికి పనికొచ్చే పరీక్ష ఇది. కట్లపాము, తాచు కాటులో రక్తం చక్కగా గడ్డ కడుతుంది, కనురెప్పలు వాలతాయి, ఊపిరి ఆగుతుంది.

దీనికి వీడియో బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఒంచినప్పుడు జారిన రక్తం, జారని గడ్డ పక్కపక్కన చూపించొచ్చు. వాలిన రెప్ప ఎలా ఉంటుందో మీ సిస్టరే నటించి చూపొచ్చు. జూన్‌లో ఒకసారి, ఊడ్పులు ముమ్మరమయ్యాక రెండు ప్రశ్నలతో ఇంకోసారి పంపొచ్చు. కానీ సీపీఆర్‌కి (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడానికి) వీడియో సరిపోదు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు అని నోటితో అందరూ చెబుతారు, బొమ్మ మీద చెయ్యి పెడితే సగం మంది మూడు సెంటీమీటర్ల దగ్గరే ఆగుతారు. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పదిహేను నిమిషాలు పక్కనే నిలబడాలన్నది తెర మీద చెప్పొచ్చు. నిలబడుతున్నారా లేదా అన్నది వార్డులోనే చూడాలి. అందుకని ప్రతి పాఠానికి రికార్డులో రెండు గళ్ళు పెట్టండి, 'తెర మీద చూశారు', 'చేసి చూపించారు'. రెండో గడిలో చూసినవాళ్ళ సంతకం, తేదీ ఉండాలి. తనిఖీకి వచ్చిన వాళ్ళకి ఆ రెండో గడి ఉన్న ఒక్క పేజీ మీ 22 సర్టిఫికెట్ల ఫైలు కంటే బరువు.

ప్రశ్నలు ఇరవై వద్దు, మూడు చాలు. తప్పు జవాబులు మీరు కల్పించకండి, వార్డులో జనం నిజంగా చేస్తున్నవే పెట్టండి. 'పైవన్నీ' అన్న జవాబు ఉంటే చదవకుండానే దాన్ని నొక్కుతారు. ఫామ్‌లో ప్రశ్నల వరస, జవాబుల వరస తారుమారు చేసే సెట్టింగు ఉంది, అది పెట్టినా పట్టిక తిరుగుతుంది గానీ కొంచెం కష్టపడాలి. డోసు లెక్కల దగ్గర 80 శాతం పాస్ అనొద్దు. తప్పిన ఆ ఒక్క లెక్కే పేషెంటు ఒంట్లోకి వెళుతుంది. మూడుకి మూడూ వచ్చేదాకా మళ్ళీ చెయ్యనివ్వండి, ఎన్నోసారికి వచ్చిందన్నది మీకు తెలిస్తే చాలు.

ఆయాలు, వార్డు బాయ్‌లకి ఫామ్ పెట్టొద్దు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాళ్ళకి చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి శిక్షణ తప్పనిసరి. ఏటా జూన్ 30లోగా పంపే వార్షిక నివేదికలో ఎంతమందికి ఇచ్చారో రాయాలి కూడా. అందులో చదవడం రానివాళ్ళూ ఉంటారు. వాళ్ళకి ఫొటో, గొంతు. మీ వార్డులోని బకెట్లే ఫొటో తీయండి, ఇంటర్నెట్ బొమ్మలు వద్దు. రక్తం అంటిన దూది ఫొటో రాగానే 'ఏ బకెట్?' అని గొంతు అడగాలి, పసుపు నొక్కాలి. సెలైన్ సెట్టు, గ్లవుజులు ఎరుపు. సూది తెల్ల డబ్బా. ఖాళీ గాజు వయల్ నీలం. పది ఫొటోలు, నాలుగు నిమిషాలు. చివర ఒక్క ముక్క: సూది గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బు నీళ్ళతో కడుక్కుని వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఇక లాభం లేదు. తిడతారని రెండు రోజులు దాచేది ఎక్కువగా వీళ్ళే, అందుకని 'నిన్నెవరూ ఏమనరు' అన్న మాట మేట్రన్ గారి గొంతులో ఉంటే బాగుంటుంది. ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా.

ఎక్కడ పెట్టాలి అన్నది పెద్ద సమస్య కాదు, పెద్దది చెయ్యకండి. 150 మందికి మొదటి ఏడాది గూగుల్ క్లాస్‌రూమ్, ఫామ్‌లు సరిపోతాయి. ఖర్చు లేదు. రికార్డు ఎక్సెల్‌లో మీరే కలుపుకోవాలి, అదే కష్టం. రికార్డు దానంతటదే రావాలంటే మూడిల్ ఉంది. ఆన్‌లైన్ పాఠాలు నడిపే ఉచిత సాఫ్ట్‌వేరు, ఫోను యాప్‌లో పాఠం దింపుకుని నెట్ లేకపోయినా చూడొచ్చు, వీడియో మధ్యలో ఆపి ప్రశ్న అడగడానికి హెచ్‌ఫైవ్‌పీ అందులోనే పనిచేస్తుంది. కానీ సర్వరు అద్దె, బ్యాకప్, అప్‌డేట్లు చూసే ఐటీ మనిషి ఒకరు పేరు పెట్టి ఉండాలి. అతను మానేసిన నెల అది మూలపడుతుంది. మీ ఐటీ కుర్రాడు ఎన్నాళ్ళుంటాడో మీకే తెలియాలి. వీడియో సైజు మాత్రం చూసుకోండి. సెకనుకి 600 కిలోబిట్లకి కుదిస్తే నాలుగు నిమిషాల పాఠం 18 ఎంబీ. ఫోన్లో తీసింది తీసినట్టు పంపితే కొన్ని వందల ఎంబీ ఉంటుంది. గాలీవానా వచ్చి టవర్లు సరిగ్గా పనిచెయ్యని రోజు కోసం నర్సింగ్ స్టేషన్‌లో ఒక చవక టాబ్లెట్‌లో అన్నీ దింపి ఉంచండి. సొంత డేటా వాడించకుండా ఉండటానికీ అదే దారి. షిఫ్టు అప్పగింతలు అయ్యాక ఐదు నిమిషాలు నలుగురూ కలిసి చూస్తే, ఒకరు తప్పు చెబితే ఇంకొకరు దిద్దుతారు, జవాబుల పట్టిక అవసరమే ఉండదు.

ఇంట్లో వారి మాట కొట్టెయ్యకండి, ఆయన అడిగింది సబబే. ఒక నాలుగు నిమిషాల పాఠానికి రాయడం, తీయడం, డాక్టరుకి చూపించడం, ఇద్దరు సిస్టర్ల మీద పరీక్షించి దిద్దడం అన్నీ కలిపి మొదట్లో 12 నుంచి 15 గంటలు పడుతుంది. నెలకి రెండంటే 30 గంటలు, వారానికి ఏడు. ఎండీ గారి దగ్గరకి బడ్జెట్ అడగడానికి వెళ్ళకండి, ఈ లెక్కతో వెళ్ళండి. వారానికి ఏడు డ్యూటీ గంటలు, ఐసీయూ నుంచి ఒక సిస్టర్ రెండు గంటలు, ఒక టాబ్లెట్, ఒక స్టాండు. ఇస్తే నెలకి రెండు. సగం ఇస్తే నెలకి ఒకటి. ఏమీ ఇవ్వకపోతే పాత వీడియోలు పేరు మార్చి అలాగే ఉంటాయి, రాత్రిళ్ళు మాత్రం మీవి. ఈ మూడు మాటలూ కాగితం మీద పెడితే ఎంచుకునే బాధ్యత ఆయనది అవుతుంది. బహుశా సగం ఇస్తారు. సగంతో మొదలెట్టండి.

మూడు నెలలయ్యాక కొలవాల్సింది మార్కులు కాదు. పాఠం ముందు ఒక వారం, తర్వాత ఒక వారం, ఇన్సులిన్ వేళ వార్డులో నిలబడి పది ఇంజెక్షన్లు చూడండి. వయల్, సిరంజీ రెండూ చూసుకుంది ఎందరు, రెండో సిస్టర్ చూసింది ఎన్నిటికి. మారకపోతే పాఠం తప్పు, లేదా ట్రే తప్పు. ముందు ట్రేనే చూడండి.

ఆ అమ్మాయి విషయంలో చివరిగా ఒకటి. ఆరెంజ్ మూత పాఠం మొదటిసారి తీసినప్పుడు స్క్రిప్టు ఆమెకి చూపించి, ఆ పొద్దున్న తన కంటికి ఏం కనబడింది, ఏం కనబడలేదు అని అడగండి. మీకూ నాకూ తట్టనిది ఆమె చెబుతుంది. ఇష్టపడితే చేతులు ఆమెవే పెట్టొచ్చు, ముఖం, పేరు రాకుండా. కొందరికి అది ఊరట, కొందరికి మళ్ళీ అదే శిక్ష. కాస్త తటపటాయించినా వదిలెయ్యండి, బతిమాలొద్దు. ఒప్పుకుంటే షూటింగు మధ్యాహ్నం డ్యూటీ గంటల్లోనే పెట్టుకోండి, సాయంత్రం పంటు వేళకి ఆమె రేవులో ఉండాలి.